తుడువని పలక: పంచాయతీ కంప్యూటరులో క్లిప్‌బోర్డు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో మీరు నిధులను గూర్చియు, త్రాగునీటిని గూర్చియు, పారిశుధ్యమును గూర్చియు అనేక విషయములు వింటిరి. మేము చెప్పబోవు విషయము వానితో పోల్చిన చాల చిన్నది. మీ కార్యాలయమున బల్లమీద నున్న కంప్యూటరులో కంటికి కనబడని చోటొకటి కలదు. దానిని క్లిప్‌బోర్డు అందురు. పని ముగిసిన వెంటనే దానిని ఖాళీ చేయవలెనని చెప్పుటకే మేము వచ్చితిమి. ఇంతమాత్రమునకు ఒక ప్రసంగము కావలెనా యని మీకు తోచవచ్చును. కావున మేము కన్నులార చూచిన సంగతి నొకదానిని మొదట మనవి చేసెదము.

కొంతకాలము క్రిందట ప్రచార కార్యక్రమము నిమిత్తము మేము ఒక గ్రామమునకు పోయితిమి. ఊరి పేరు చెప్పనక్కరలేదు. ఏ యూరనైనను జరుగదగిన సంగతియే యిది. ఆనాటి ఉదయము పంచాయతీ కార్యాలయమున పనిచేయు యువకుడొకడు పింఛనుదారుల జాబితాను సిద్ధపరచుచుండెను. పేర్లు, ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు ఒక పట్టికనుండి ఎత్తి మరియొక పట్టికలో చేర్చెను. ఆ పని ముగించి, అదే కంప్యూటరుపై గ్రామసభ ప్రకటనను తయారుచేసి, ఊరివారి వాట్సాప్ బృందమునకు పంపదలచెను. ప్రకటనను ఎత్తుటకు మీట నొక్కితి ననుకొనెనే గాని, మీట సరిగా నొక్కబడలేదు. అతికించు మీట మాత్రము సరిగానే నొక్కబడెను. తెరవంక చూడకయే పంపివేసెను. ప్రకటనకు బదులుగా ఉదయమునాటి జాబితా యంతయు ఊరివారి ఫోనులలోనికి పోయెను.

కొంతసేపటికి ఎవరో చెప్పగా దానిని తొలగించిరి. కాని ఆలోపల ఎందరు చూచిరో, ఎవరెవరు దాచుకొనిరో ఎవరు చెప్పగలరు? ఆ సాయంకాలము రచ్చబండవద్ద మేము కూర్చుండియుండగా ఒక వృద్ధురాలు వచ్చి, "అయ్యా, నా బ్యాంకు నంబరు ఊరంతా చూసిందట. నా పింఛను డబ్బు ఎవరైనా తీసేసుకుంటారా?" అని యడిగెను. అంకెలు తెలిసినంత మాత్రమున సొమ్ము రాదని మేము చెప్పితిమి. ఆమె కొంత ఊరట చెంది, "ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండి బాబూ, మంచోడే. నా పింఛను సంగతి మాత్రం చూడండి" అని చెప్పి వెడలిపోయెను.

మేము చెప్పినది అబద్ధము కాదు. అయినను అది పూర్తి సమాధానమును కాదు. రేపు మోసగాడొకడు ఆమెకు ఫోను చేసి, ఆమె పేరును, ఖాతా సంఖ్యను తానే చదివి వినిపించినచో, అతడు బ్యాంకు ఉద్యోగియే యని ఆమె నమ్మును. నమ్మిన పిమ్మట, ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. అంకెలను చెప్పుమన్న చెప్పును. అంకెలు తెలియుట వలని అసలు ప్రమాద మిది. నమ్మకమును దొంగిలించుటకు అవి సాధనములగుచున్నవి. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. క్లిప్‌బోర్డును తుడువవలెనని అతనికి ఎవరును చెప్పలేదు. అట్టి సంగతులను చెప్పవలసిన శాఖ మాది గనుక, ఆ లోపములో మాకును పాలు కలదు.

క్లిప్‌బోర్డు అనగానేమి?

పరీక్షలకు పోవు పిల్లలు చేత పట్టుకొను అట్టను మీరందరు ఎరుగుదురు. దాని తలపై నొక క్లిప్పు ఉండును. కాగితమును తాత్కాలికముగా పట్టియుంచుట దాని పని. ఇంగ్లీషున ఆ అట్ట పేరే క్లిప్‌బోర్డు. కంప్యూటరులో మనము ఒక మాటనుగాని, పట్టికనుగాని, చిత్రమునుగాని ఎత్తినప్పుడు, యంత్రము దానిని అట్టివే యగు తాత్కాలిక స్థానమున పట్టియుంచును.

ఒకప్పుడు పత్రికా కార్యాలయములందు వ్రాతప్రతులను సరిచేయువారు కత్తెరతో ఒక పేరాను కత్తిరించి, మరియొక చోట జిగురుతో అతికించెడివారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున 1970వ దశకమున పనిచేసిన లారీ టెస్లర్ అను ఆయన, తన సహచరుడు టిమ్ మాట్‌తో కలిసి, ఈ పద్ధతినే కంప్యూటరు తెరమీదికి తెచ్చెను. కత్తిరించుట, అతికించుట అను పేర్లే ఆ యాజ్ఞలకు నిలిచిపోయెను. 1983లో వచ్చిన లీసా, 1984లో వచ్చిన మెకింటాష్ అను ఆపిల్ కంప్యూటరుల ద్వారా ఆ పద్ధతి లోకమునకు పరిచయమయ్యెను. టెస్లర్ 2020వ సంవత్సరమున మరణించెను. నేడు మన పంచాయతీ కార్యాలయములందు కంట్రోల్ మీటతో 'సి' నొక్కి నకలు తీయుటయు, 'ఎక్స్' నొక్కి కత్తిరించుటయు, 'వి' నొక్కి అతికించుటయు ఆ మార్గమే.

ఇక్కడ ఒక విశేషమును గమనింపవలెను. కుంచముతో ధాన్యమును కొలిచి పోసినచో కుంచము ఖాళీ యగును. క్లిప్‌బోర్డు అట్లు కాదు. దానినుండి ఎన్నిసార్లు అతికించినను, అందులోనిది అందులోనే యుండును. మరియొకటి ఎత్తిన గాని మునుపటిది పోదు. తెర ఆరిపోయినను పోదు. తాళము వేసినట్లు తెరను మూసి, మరల సంకేతపదముతో తెరచినను పోదు. యంత్రమును నిద్రింపజేసి లేపినను పోదు. ఒకే పేరుతో తెరచియుంచిన కంప్యూటరు ముందు కార్యదర్శి లేచిన పిమ్మట మరియొకరు కూర్చుండి అతికించు మీటను నొక్కినచో, కార్యదర్శి చివరకు ఎత్తినదేదో అది తెరమీద ప్రత్యక్షమగును. అది గ్రామసభ ప్రకటన కావచ్చును. ఒక వితంతువు ఖాతా సంఖ్య కావచ్చును. కార్యాలయపు సంకేతపదమే కావచ్చును.

ఒక్కటి కాదు, ఇరువదియైదు

పూర్వపు కంప్యూటరులలో క్లిప్‌బోర్డున చివర ఎత్తిన దొక్కటియే యుండెడిది. 2018వ సంవత్సరాంతమున విండోస్ 10నకు వచ్చిన మార్పులతో క్లిప్‌బోర్డు చరిత్ర యను సౌకర్యము ఏర్పడినది. విండోస్ 11లోను అది కలదు. దానిని ఒకసారి ఆన్ చేసినచో, ఎత్తినవానిలో 25 వరకు వరుసగా నిలిచియుండును. విండోస్ మీటతో 'వి' నొక్కినచో ఆ వరుస తెరపై కనబడును. ఉదయమునుండి ఎత్తిన సంఖ్యలు, పేర్లు, తెర చిత్రములు అన్నియు అందు చూడవచ్చును. కార్యదర్శికి ఇది సౌకర్యమే. ఆ కుర్చీలో తరువాత కూర్చుండువానికి మాత్రము తెరచిన దస్త్రమే.

వానిలో దేనికైనను పిన్ను గ్రుచ్చినట్లు గుర్తుపెట్టినచో, కంప్యూటరును ఆపి మరల నడిపినను అది పోదు. తక్కినవి పోవును. ఇంతేకాక, ఒకే ఖాతాతో తెరచిన ఇతర కంప్యూటరులకు క్లిప్‌బోర్డును పంపు సౌకర్యము కూడ కలదు. దానిని ఆన్ చేసియున్నచో కార్యాలయమున ఎత్తినది ఇంటి కంప్యూటరుననైనను కనబడగలదు.

తుడుచు విధములు

సభ్యులారా, మీలో కొందరు కంప్యూటరును స్వయముగా వాడుదురు, కొందరు వాడరు. వాడనివారును ఈ విధములను వినవలెనని కోరుచున్నాము. ఎందుకనగా, చేయవలసినవానిని "చేసితివా?" యని అడుగుటకు ఏమి చేయవలెనో తెలిసియుండవలెను.

మొదటి విధము మిక్కిలి సులభము. ముఖ్యమైనది అతికించిన పిమ్మట, ఎవరికిని హానిలేని ఒక మాటను ఎత్తవలెను. ఆ మాట పాతదాని స్థానమున కూర్చుండును. కాని చరిత్ర ఆన్‌లో నున్న కంప్యూటరున ఈ విధము చాలదు. పాతది ఒక మెట్టు దిగి, వరుసలోనే నిలిచియుండును.

రెండవ విధము: విండోస్ మీటతో 'వి' నొక్కవలెను. చరిత్ర ఆపబడి యున్నచో, దానిని ఆన్ చేయుమని యంత్రము అడుగును. అప్పుడు చేయకుండుటయే మంచిది. చరిత్ర ఆన్‌లో నున్నచో వరుస కనబడును. అందు 'క్లియర్ ఆల్' అనుదానిని నొక్కిన అంతయు పోవును. పిన్ను గుర్తుగలవి మాత్రము పోవు. వానిని ఒక్కొక్కటిగా తొలగింపవలెను.

మూడవ విధము: 'సెట్టింగ్స్' తెరచి, 'సిస్టమ్' అను భాగమున 'క్లిప్‌బోర్డ్' అనుదానిని చూడవలెను. అచ్చట 'క్లియర్' అను మీట కలదు. చరిత్రను ఆపుటకును, ఇతర కంప్యూటరులకు పంపుటను ఆపుటకును మీటలు అచ్చటనే యున్నవి. నలుగురు వాడు కంప్యూటరున ఈ రెంటిని ఆపియుంచుట శ్రేయస్కరము.

వర్డ్, ఎక్సెల్ మున్నగు ఆఫీసు ప్రోగ్రాములకు వేరుగా తమ సొంత క్లిప్‌బోర్డు కలదు. దానిని తెరచియుంచినచో 24 వరకు నిలుపుకొనును. 'హోమ్' భాగమున ఎడమవైపు 'క్లిప్‌బోర్డ్' అను మాట ప్రక్కనున్న చిన్న గుర్తును నొక్కిన అది తెరచుకొనును. అచ్చటను 'క్లియర్ ఆల్' అను మీట కలదు. పింఛను పట్టికలు సాధారణముగా ఎక్సెల్‌లోనే తయారగును గనుక, దీనిని మరువరాదు.

చివరి విధము, సాయంకాలము కార్యాలయము మూయునప్పుడు కంప్యూటరును పూర్తిగా ఆపివేయుట. తెరను మూసి పోవుట ఆపుట కాదు.

ఒక హెచ్చరిక. నకలు తీసినచో అసలు ఉన్నచోటనే యుండును. కాని ఒక పేరాను కత్తిరించినచో, అది పత్రమునుండి పోయి క్లిప్‌బోర్డున మాత్రమే నిలుచును. దానిని వేరొకచోట అతికింపకమునుపే క్లిప్‌బోర్డును తుడిచినచో, ఆ పేరాయు దానితోపాటు పోవును. వెంటనే గుర్తించినచో కంట్రోల్ మీటతో 'జెడ్' నొక్కి పత్రమున మరల రప్పింపవచ్చును; పత్రమును మూసిన పిమ్మట అదియు సాధ్యముకాదు. కావున మొదట అతికించి, పత్రమును భద్రపరచి, పిదప తుడువవలెను.

మీ చేతులలోని ఫోనులకును ఇదే న్యాయము వర్తించును. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 మొదలుకొని ఫోను తన క్లిప్‌బోర్డును కొంతసేపటికి తానే తుడుచుకొనును. అంతకుముందటి ఫోనులలో అట్లు జరుగదు. ఫోనులోని కీబోర్డులకు కూడ క్లిప్‌బోర్డు గుర్తు ఉండును. దానిని తాకి, లోపలనున్నవానిని తొలగింపవచ్చును.

మనము పెట్టనిది అందుండుట

ఇంతవరకు మనము పెట్టి మరచినదానిని గూర్చి చెప్పితిమి. మనము పెట్టనిది అందు చేరుట మరియొక ప్రమాదము. ఇది మరింత జాగ్రత్తగా వినదగినది.

2024 మొదలుకొని విరివిగా కనబడుచున్న మోసమొకటి కలదు. ఏదో వెబ్ పేజీ తెరచినప్పుడు, మీరు మనిషియే యని నిరూపింపుడని ఒక పెట్టె కనబడును. దానిని నొక్కగానే, మనకు తెలియకుండ ఒక యాజ్ఞ మన క్లిప్‌బోర్డున చేర్చబడును. పిమ్మట, విండోస్ మీటతో 'ఆర్' నొక్కుడు, కంట్రోల్‌తో 'వి' నొక్కుడు, ఎంటర్ నొక్కుడు అని మూడు మెట్లు చెప్పుదురు. అట్లు చేసినవాడు దొంగకు తన చేతితోనే తలుపు తీసినవాడగును. మనిషిని గుర్తించు నిజమైన పరీక్ష యేదియు ఇట్టి మెట్లను చెప్పదు. అట్టిది కనబడినచో పేజీని మూసివేసి, క్లిప్‌బోర్డును తుడువవలెను.

మరికొన్ని దుష్ట ప్రోగ్రాములు కంప్యూటరున చేరి, క్లిప్‌బోర్డును కనిపెట్టుకొని యుండును. మనము ఎత్తిన సంఖ్యకు బదులుగా దొంగ తన సంఖ్యను అచ్చట ఉంచును. మనము అతికించునది మనము ఎత్తినది కాదు. ఎత్తినప్పుడు సరిగానే ఎత్తితిమి గదా యని మనము మరల చూడము.

ఇది పంచాయతీకి ఎట్లు సంబంధించునో యోచింపుడు. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24న, జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవమున, ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. నేడు పంచాయతీ చెల్లింపులు కంప్యూటరు మూలముననే, డిజిటల్ సంతకములతో జరుగుచున్నవి. డిజిటల్ సంతకము మీరు సంతకము చేసితిరని మాత్రమే చెప్పును. ఖాతా సంఖ్య ఎవరిదో అది చెప్పదు. పొరపాటున అతికించిన సంఖ్యపై సంతకము చేసినను ఆ సంతకము మీదే, బాధ్యతయు మీదే. కావున అతికించిన ప్రతి ఖాతా సంఖ్యను పాసు పుస్తకముతో అంకె అంకెగా పోల్చి చూచిన పిమ్మటనే సంతకము చేయవలెను. క్రొత్తగా చేర్చు ఖాతాల విషయమున ఒకరు చదువుచుండగా మరియొకరు తెరపై చూచుట మంచి యలవాటు.

కంప్యూటరు బాగుచేయువారు ఇప్పుడు కార్యాలయమునకు రాకయే, దూరమునుండి మన తెరను తమ తెరపై చూచుచు పనిచేయుదురు. అట్టి సమయమున ఇరువురి క్లిప్‌బోర్డులు కలసిపోవచ్చును. ఇచ్చట ఎత్తినది అచ్చట అతికింపవచ్చును. వారిని లోనికి రానిచ్చుటకు మునుపే క్లిప్‌బోర్డును తుడువవలెను.

పంచాయతీ చేయదగిన తీర్మానము

మన గ్రామములందు ఒకప్పుడు కరణముగారి దస్త్రము గుడ్డమూటలో కట్టి పెట్టెలో భద్రముగా నుండెడిది. పని ముగిసినంతనే మూట కట్టుట ఆచారము. ఆంధ్రప్రదేశమున 1984లో ఆ యుద్యోగములు రద్దయ్యెను. మూటలు పోయెను, కంప్యూటరులు వచ్చెను. మూట కట్టు నలవాటును మాత్రము మనము పోగొట్టుకొనరాదు.

కావున మీ తదుపరి సమావేశమున ఈ క్రింది విషయములను చర్చించి, తీర్మానించి, కంప్యూటరు ప్రక్కన గోడపై అతికింపుడని మా మనవి.

ఒకటి, పంచాయతీ కంప్యూటరును వాడు ప్రతివారికి వేరువేరు పేర్లతో ప్రవేశము ఏర్పరచవలెను. వేరు పేరుతో ప్రవేశించినవారి క్లిప్‌బోర్డు వేరుగా నుండును.

రెండు, క్లిప్‌బోర్డు చరిత్రను, ఇతర కంప్యూటరులకు పంపుటను ఆపియుంచవలెను.

మూడు, ఆధారు సంఖ్య, ఖాతా సంఖ్య, సంకేతపదము ఎత్తి అతికించిన ప్రతిసారియు, కుర్చీనుండి లేచుటకు మునుపు క్లిప్‌బోర్డును తుడువవలెను.

నాలుగు, వాట్సాప్ బృందమునకు పంపు ప్రతి ప్రకటనను పంపుటకు ముందు ఒకసారి తెరపై పూర్తిగా చదువవలెను.

ఐదు, సాయంకాలము కంప్యూటరును పూర్తిగా ఆపవలెను.

ఈ యైదింటికిని దమ్మిడీ ఖర్చు లేదు. నిధుల మంజూరు అక్కరలేదు. టెండరు అక్కరలేదు.

అయినను ఒక విషయమును దాచక చెప్పవలెను. క్లిప్‌బోర్డును తుడుచుట వలన ఇకముందు పోవలసినది ఆగును గాని, ఒకసారి పోయినది తిరిగి రాదు. వాట్సాప్‌లోనికి పోయిన జాబితాను ఏ మీటయు వెనుకకు తేలేదు. అట్టిది జరిగినచో దాచిపెట్టుట తగదు. ఎవరి సంఖ్యలు బయటపడెనో వారి యిండ్లకు పోయి, ఫోనులో ఎవరడిగినను ఓ.టి.పి. చెప్పవలదని వివరింపవలెను, పై యధికారులకు తెలుపవలెను. సొమ్ము పోయినచో క్షణమైనను ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను, బ్యాంకునకు తెలుపవలెను. ప్రజల వ్యక్తిగత వివరములను కాపాడుట ఇప్పుడు కేవలము మర్యాద కాదు. 2023లో పార్లమెంటు ఇందునిమిత్తము ప్రత్యేక చట్టమునే చేసినది.

మేము పైన చెప్పిన గ్రామమున మరునాటి ఉదయము సర్పంచిగారు ఆ యువకుని కోపింపలేదు. ఆయనను వెంటబెట్టుకొని జాబితాలోని ప్రతి యింటికిని తానే పోయెను. ఆ వృద్ధురాలి గుమ్మమువద్ద నిలిచి, "అమ్మా, తప్పు మాదే. ఎవరు ఫోను చేసినా అంకెలు చెప్పకు, ముందు నన్ను పిలువు" అని చెప్పెను. ఆమె పాసు పుస్తకము తెచ్చి చూపెను. సొమ్ము ఉన్నట్లే యున్నది. నాటినుండి ఆ కార్యాలయమున గోడపై పెద్ద అక్షరములతో ఒక కాగితము కనబడుచున్నది: "లేచే ముందు తుడువుము."

బడిలో మనమందరము పలకపై లెక్క చేసి, గురువునకు చూపి, తుడిచి, ప్రక్కవానికి ఇచ్చినవారమే. తుడువక ఇచ్చినచో మన లెక్క ప్రక్కవాడు చూచును. నేడు మన చేతిలోని పలకపై నున్నది మన లెక్క కాదు. మనలను నమ్మి యెన్నుకొన్న ఊరివారి లెక్క. ఆ నమ్మకమును మీరు కాపాడెదరని ఆశించుచున్నాము.